ఈ కంప్యూటర్‌ను పారేయకండి

విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే యంత్రం సరిపోదంటున్నారు. మధ్యలో చిక్కుకున్న ఇంటి కంప్యూటర్‌కు ఇంకో దారి ఉంది. అది ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు, ఎలా మొదలుపెట్టాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2015 జులైలో విడుదలై పదేళ్లపాటు మన ఇళ్లలో, ట్యూషన్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ మొరాయించలేదు. ఎప్పటిలాగే తెర వెలిగింది, పిల్లల క్లాసు నడిచింది, బ్యాంకు సైటు తెరుచుకుంది. దాంతో చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. నెలనెలా వచ్చే భద్రతా మరమ్మతులు మాత్రం ఆగిపోయాయి. ఇకపై ఎవరైనా కొత్త లొసుగు కనిపెడితే అది ఆ యంత్రంలో అలాగే ఉండిపోతుంది.

దీని పర్యవసానం ఎలా ఉంటుందో మనకు ఒకసారి అనుభవమైంది. 2017 మే నెలలో వానాక్రై అనే దాడి దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు డిమాండ్ చేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ లొసుగును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఇప్పుడు విండోస్ 10 ఉన్న ఇళ్లలో వేసుకుందామన్నా అప్‌డేట్ రాదు.

అయితే మైక్రోసాఫ్ట్ ఒక తాత్కాలిక వెసులుబాటు ఇచ్చింది. ఇంటి వినియోగదారులు తమ మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. సెట్టింగులను క్లౌడ్‌కు సింక్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. లేదంటే 30 డాలర్లో, 1,000 రివార్డ్స్ పాయింట్లో ఇవ్వాలి. ఇంకా నమోదు చేసుకోకపోతే ముందు ఆ పని చేయండి. కొంత వ్యవధి దొరుకుతుంది, తొందరపడి కొత్తది కొనే అవస్థ తప్పుతుంది.

విండోస్ 11కు మారదామంటే షరతులు అడ్డం వస్తాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది ఉండాలి. 2017 కంటే ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కంపెనీలు వదిలించుకున్న థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. మధ్యతరగతి ఇళ్లలో పిల్లలు చదువుకునేది చాలాసార్లు వాటి మీదే. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం ఇంటి పనులకు ఇప్పటికీ దండిగా సరిపోతుంది. దాన్ని పాత సామాను కింద లెక్కగట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. యంత్రం అరగలేదు, తయారీదారు గడువు మాత్రమే తీరింది.

ఇంకో దారి చాలా ఊళ్లలో వాడుకలో ఉంది. షాపుకు తీసుకెళ్లి ‘ఫార్మాట్ కొట్టించి’ లైసెన్సు లేని విండోస్ వేయించుకోవడం. యాక్టివేషన్‌ను ఏమార్చే చిన్న ప్రోగ్రామ్ నడపడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపేస్తారు. ఆ ప్రోగ్రామ్‌ను ఎవరు రాశారో, అది లోపల ఏం చేస్తుందో వేసేవాళ్లకూ తెలియదు, వేయించుకునేవాళ్లకూ తెలియదు. అదే యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాం, ఆధార్ కాపీ దాచుకుంటాం. చట్టం సంగతి అలా ఉంచితే, సొంత డబ్బు భద్రత కోసమైనా ఈ అలవాటు మానుకోవాలి.

ఒకే బియ్యం, వేర్వేరు వంటలు

ఇక మిగిలిన దారి లినక్స్. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటర్ కోసం రాసుకున్న చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూలభాగం) ఇది. దానికి ఎనిమిదేళ్ల ముందే రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలు దీనికి తోడయ్యాయి. ఎవరైనా వాడవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఆ షరతుతో పెరిగింది కాబట్టి ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన 500 సూపర్‌కంప్యూటర్లూ 2017 నుంచి దీని మీదే నడుస్తున్నాయి. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. అంటే తెలియకుండా మీరు ఇప్పటికే దీని వినియోగదారులు.

కొత్తవాళ్లు తికమకపడేది పేర్ల దగ్గర. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, జోరిన్... వందల్లో ఉన్నాయి. బియ్యం ఒకటే అయినా ఒక ఇంట్లో పులిహోర, ఒక ఇంట్లో దద్దోజనం, ఇంకో ఇంట్లో పొంగలి అయినట్టు, లినక్స్ కెర్నెల్‌కు ఒక్కో బృందం తన మెనూలు, తన ప్రోగ్రాములు, తన అప్‌డేట్ పద్ధతి చేర్చి ఒక్కో పేరుతో ఇస్తుంది. వీటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు. ఏది గొప్పదన్న వాదన మొదలైతే తెల్లారుతుంది. ఇంటి కంప్యూటర్ ఎంచుకునేవాళ్లు ఆ వాదనలోకి దిగనక్కర్లేదు.

ముందు మీ పనులు రాసుకోండి

ఎంపిక ఆపరేటింగ్ సిస్టమ్‌తో మొదలవ్వకూడదు. ఆ కంప్యూటర్ మీద మీ ఇంట్లో ఎవరెవరు ఏమేం చేస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. అమ్మ యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటుంది. నాన్న కరెంటు బిల్లు, ఆదాయపు పన్ను రిటర్ను చూసుకుంటారు. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు, రికార్డు వర్కు, పీపీటీలు. ఫోన్లు నిండినప్పుడు ఫొటోలు దింపుకోవడం. అప్పుడప్పుడు ఒక అర్జీ టైపు చేసి ప్రింటు తీయడం. ఇవన్నీ బ్రౌజర్‌లోనో, ఒక వర్డ్ ప్రాసెసర్‌లోనో జరిగిపోయే పనులు. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఉన్నాయి. వీఎల్‌సీ ఉంది, జూమ్ ఉంది. వాట్సాప్‌ను బ్రౌజర్‌లో వాడుకోవచ్చు. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ పనులకు లిబ్రే ఆఫీస్ ఉంది. ఆ ఫైళ్లను తెరుస్తుంది, అదే ఫార్మాట్‌లో భద్రపరుస్తుంది కూడా. క్లిష్టమైన డిజైన్ ఉన్న పత్రాల్లో అమరిక అటూఇటూ జరగవచ్చు. పంపే ముందు పీడీఎఫ్ చేసుకుంటే చిక్కు ఉండదు.

మీ కాగితం మీద ఇంతే ఉంటే, మారడానికి మీకు ఏ అడ్డంకీ లేదని ధైర్యంగా చెప్పగలను.

మారకూడనివాళ్లూ ఉన్నారు. ఇది లినక్స్ అభిమానులు చెప్పరు కాబట్టి నేను కాస్త ఎక్కువ చెబుతాను. ఇంట్లోంచి అకౌంట్లు రాసేవాళ్లకు ట్యాలీ కావాలి. ట్యాలీ విండోస్ కోసం తయారైంది. వేరే పొరల మీద నడిపే ప్రయత్నాలు ఉన్నా, జీఎస్‌టీ గడువు రోజున వాటిని నమ్ముకోకూడదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లతో పనిచేసే అనుబంధ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా విండోస్‌నే దృష్టిలో పెట్టుకుని తయారవుతున్నాయి. వేలిముద్రల యంత్రంతో ఆధార్ సంబంధిత సేవలు అందించే సెంటర్ల పరిస్థితీ అదే. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లకు ఫోటోషాప్ లేకపోతే చెయ్యి ఆడదు. గింప్, క్రీటా మంచి ఉపకరణాలే, కానీ ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పనిని సీజన్ మధ్యలో మార్చమనడం అన్యాయం. ఆటోక్యాడ్ మీద ప్లాన్లు గీసేవాళ్లదీ అదే మాట. పిల్లలు రాసే కొన్ని పరీక్షలకు వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లినక్స్‌కు లేదు. వాలరెంట్ లాంటి ఆటలు తమ కాపలా ప్రోగ్రామ్ కారణంగా లినక్స్‌లో నడవవు. ఇంట్లో కుర్రాడికి ఆ ఆట ప్రాణమైతే ముందే మాట్లాడుకోండి.

ప్రింటర్ గురించి విడిగా చెప్పాలి. హెచ్‌పీ ప్రింటర్లకు చాలావాటికి లినక్స్‌లో సిద్ధంగా మద్దతు ఉంటుంది, కేబుల్ పెట్టగానే పనిచేస్తాయి. మన ఆఫీసుల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్లకు మాత్రం ప్రత్యేక డ్రైవర్ కావాలి, దాన్ని పట్టాలెక్కించడం కొత్తవాళ్ల పని కాదు. మీ దగ్గర అదే ఉండి, రోజూ ప్రింట్లు తీయాల్సి వస్తే నిర్ణయం తీసుకునే ముందు ఎవరైనా తెలిసినవాళ్ల చేత పరీక్షించండి.

తెలుగు సంగతేమిటి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. జవాబు సంతోషంగా చెప్పవచ్చు. లినక్స్‌లో తెలుగు చదవడానికీ, రాయడానికీ పైసా ఖర్చు లేదు, ఎక్కడినుంచో తెచ్చి వేసుకునే పనీ అంతగా లేదు. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చే పనిముట్లు లినక్స్‌లో ఏనాడో కుదురుకున్నాయి. టైపింగ్‌కు ఐబస్ అనే వ్యవస్థ ఉంది. దానికి ఎమ్17ఎన్ కీబోర్డులు జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ వస్తుంది, డీటీపీ ఆపరేటర్లకు అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. ఎవరి చేతికి ఏది అలవాటైతే అది.

ఖతుల విషయంలో మనం నిజంగా భాగ్యవంతులం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు డెబియన్, ఉబుంటుల సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనే ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, తిమ్మన, రామభద్ర లాంటి ఖతులు ‘తెలుగు విజయం’ పేరుతో ఒకే మూటగా దొరుకుతాయి. ఒక్క నొక్కుతో అన్నీ దిగిపోతాయి. పెళ్లి శుభలేఖ దగ్గర నుంచి కాలనీ సంఘం నోటీసు దాకా వీటితో చేసుకోవచ్చు.

అయితే అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల కథ వేరు. ఆ అక్షరాలు యూనికోడ్‌వి కావు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే అర్థం కాని గుర్తులు కనిపిస్తాయి. ఇది విండోస్‌లో అయినా, లినక్స్‌లో అయినా జరిగేదే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ మార్చాక ప్రూఫు చూసుకోక తప్పదు. నాన్నగారి పాత వ్యాసాలు, ఊరి చరిత్ర, కుటుంబ వంశవృక్షం అను ఫాంట్లలో ఇరుక్కుని ఉంటే, మీరు లినక్స్‌కు మారినా మారకపోయినా, వాటిని యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ నడిచే యంత్రం ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని కావాలి. తర్వాతి తరం ఆ ఫైళ్లను తెరవలేదు.

మెనూలు కూడా తెలుగులో కావాలంటే పెట్టుకోవచ్చు. గ్నోమ్ డెస్క్‌టాప్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్‌లను తెలుగు చేయడానికి ఎందరో స్వచ్ఛంద సేవకులు రాత్రిళ్లు కూర్చుని పదాలు వెతికారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ 2005 నుంచి ఈ ఉద్యమంలో ఉంది, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే విడుదల చేసింది, పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ తెచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్నూ/లినక్స్ విద్యార్థి బృందాలను పెంచింది. వీళ్లకు రావాల్సినంత గుర్తింపు రాలేదని నా బాధ.

వందల్లో ఏది?

నా తీర్పు ముందే చెబుతాను. ఇంటి కంప్యూటర్‌కు, మొదటిసారి మారేవాళ్లకు, లినక్స్ మింట్. ఐర్లండ్‌లో ఉంటున్న క్లెమెంట్ లెఫెవ్ర్ 2006లో ప్రారంభించారు. విరాళాల మీద, ప్రాయోజకుల మీద నడుస్తుంది. ఉబుంటు పునాది మీద కట్టినది. కింద టాస్క్‌బార్, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం... విండోస్ 7 వాడిన చేతికి వెతుకులాట ఉండదు. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే సాఫీగా సాగుతుంది. ఇప్పటి 22వ వరుసకు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. పని మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. ఎప్పుడు అప్‌డేట్ చేయాలో మిమ్మల్ని అడుగుతుంది. టైమ్‌షిఫ్ట్ అనే ఉపకరణం ఉంది, ఏదైనా చెడితే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళుతుంది. దీన్ని మొదటి రోజే ఆన్ చేయండి. సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రూపాలున్నాయి. 4 జీబీ కంటే తక్కువ ర్యామ్ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, లేకపోతే సినమన్.

కొత్త హంగులన్నీ ముందుగా వచ్చే డిస్ట్రిబ్యూషన్లు ఉండగా ఈ నిదానమైనదే ఎందుకు? 2024 మార్చిలో జరిగిన ఒక సంఘటన చూడండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన యంత్రంలోకి రిమోట్‌గా లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతోందని గమనించారు. ఎందుకా అని తవ్వుకుంటూ పోతే, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు ఉపకరణంలో ఎవరో దొంగ తలుపు పెట్టారని తేలింది. పెట్టిన వ్యక్తి ఆ ప్రాజెక్టు నిర్వాహకుడి నమ్మకం సంపాదించడానికి ఏళ్ల తరబడి ఓపికగా పనిచేశాడు. అది ప్రపంచమంతా పాకకముందే పట్టుబడింది. అప్పటికి అది చేరింది కొత్త సరుకును ముందుగా తెచ్చుకునే విడుదలల్లోకే. నిదానంగా నడిచే స్థిరమైన విడుదలలకు అంటలేదు. లినక్స్‌కు వైరస్ రాదని, దానికి ఏమీ కాదని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. కోడ్ అందరి ముందూ ఉండటం వల్ల ఒకరు అనుమానించి తవ్వగలిగారు, అది దీని బలం. ఇంట్లో వాడుకునేవాళ్లు స్థిరమైనదాన్నే పట్టుకోవాలని కూడా ఇదే సంఘటన చెబుతోంది.

మింట్ కూడా దెబ్బ తిన్నదే. 2016 ఫిబ్రవరిలో దాని వెబ్‌సైటును హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ ఫైలు స్థానంలో కల్తీది పెట్టారు. బృందం దాచకుండా వెంటనే ప్రకటించింది. అప్పటినుంచి నేను ఎవరికి చెప్పినా, ఫైలు దింపాక చెక్‌సమ్ (ఫైలు మారలేదని తెలిపే సంఖ్య) సరిచూసుకోమని పట్టుబడతాను. ఆ సంఖ్య అధికారిక సైటులోనే ఉంటుంది, సరిపోల్చడానికి రెండు నిమిషాలు చాలు.

మిగతావి క్లుప్తంగా. ఉబుంటు 2004లో వచ్చింది. అడిగినవాళ్లకల్లా ఉచితంగా సీడీలు పోస్టులో పంపి 2011 దాకా ఎంతోమందిని లినక్స్‌లోకి తెచ్చింది. కొద్దిగా బరువైనది, తెర అమరిక కొత్తగా ఉంటుంది, కానీ సహాయం విస్తారంగా దొరుకుతుంది. జోరిన్ ఓఎస్ చూడముచ్చటగా ఉంటుంది. దాని 18వ వెర్షన్‌ను సరిగ్గా విండోస్ 10 గడువు తీరిన రోజునే విడుదల చేశారు. డెబియన్ వీటన్నిటికీ తల్లి లాంటిది, చాలా స్థిరమైనది, కాస్త అనుభవం ఉన్నవాళ్లకు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 పాత 32 బిట్ యంత్రాల మీద ఇన్‌స్టాల్ కాదు. ఆ కాలపు నెట్‌బుక్ ఉన్నవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. గూగుల్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ తేలికైనది, గూగుల్ ఖాతాతో బ్రౌజర్‌లోనే బతికేవాళ్లకు సరిపోతుంది, కానీ ఫోన్‌లోని ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నడవవు. ఫ్రీబీఎస్‌డీ, హైకూ లాంటివి ఆసక్తితో నేర్చుకునేవాళ్ల కోసం. రియాక్ట్ఓఎస్ ఇంకా ప్రయోగ దశ దాటలేదు, దాన్ని ఇంటి పనికి నమ్ముకోవద్దు.

పెన్‌డ్రైవ్ మీద పరీక్ష

లినక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన మర్యాద, కంప్యూటర్‌ను ముట్టుకోకుండానే వాడి చూడనివ్వడం. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. దాంట్లో ఉన్నవి ముందు వేరేచోట దాచుకోండి, అవి చెరిగిపోతాయి. మింట్ సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు దింపి, రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే కాసేపట్లో మింట్ తెర వస్తుంది. హార్డ్‌డిస్క్‌లోని విండోస్ అలాగే ఉంటుంది.

ఇప్పుడు తీరిగ్గా చూడండి. వైఫై కలుస్తోందా? శబ్దం వస్తోందా? కెమెరా, మైకు పనిచేస్తున్నాయా? టచ్‌ప్యాడ్‌తో రెండు వేళ్లు కదిపితే పేజీ కదులుతోందా? మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా? బ్లూటూత్ ఇయర్‌ఫోన్, ప్రింటర్, పెద్ద మానిటర్, మీ ఇంట్లో ఏమేం కలుపుతారో అన్నీ కలిపి చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి వేగం తక్కువగా ఉంటుంది, దాన్ని బట్టి అంచనా వేయకండి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుకు, కొన్ని రకాల వైఫై చిప్‌లకు విడిగా డ్రైవర్ వేయాలి. మింట్‌లో దానికి డ్రైవర్ మేనేజర్ ఉంది. అప్పటికీ వైఫై కలవకపోతే చిన్న యూఎస్‌బీ వైఫై పరికరం కొనుక్కోవచ్చు, లేదా ఆ యంత్రానికి ఇది కుదరదని అక్కడితో వదిలేయవచ్చు. ఏ నష్టమూ లేదు.

ఈ పరీక్ష ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చేయండి. ఎవరికి ఎక్కడ ఆగిపోతుందో అప్పుడే తెలుస్తుంది.

పాత డిస్క్‌ను విప్పి దాచండి

ఇన్‌స్టాల్ చేసే దగ్గర జరిగే అతి పెద్ద నష్టం డేటా పోవడం. మనవాళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది: సీ డ్రైవ్ ఫార్మాట్ అయినా డీ డ్రైవ్‌లో ఉన్నవి పోవు అని. షాపువాళ్లు విండోస్ వేసేటప్పుడు అది నిజం. కానీ సీ, డీ, ఈ అన్నీ ఒకే డిస్క్‌లోని గదులు. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో ‘డిస్క్ మొత్తం చెరిపివేయి’ అన్నది ఎంచుకుంటే అన్ని గదులూ పోతాయి. పెళ్లి ఫొటోలు, పాప మొదటి అడుగుల వీడియో, అమ్మమ్మ మాట్లాడిన రికార్డింగు... తిరిగి రావు. కాబట్టి బ్యాకప్ అన్నది సలహా అనుకోకండి, షరతు అనుకోండి.

నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటుంది. కంప్యూటర్ నత్తనడక నడవడానికి చాలావరకు అదే కారణం. కింది మూత తీసి దాన్ని బయటకు తీయించండి. దాని స్థానంలో 240 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. కొత్త ల్యాప్‌టాప్ ధరలో అది చాలా చిన్న భాగం. కొత్త డిస్క్ మీద మింట్ వేసుకోండి. పాత డిస్క్‌ను దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. అందులో మీ విండోస్, మీ ఫైళ్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. నచ్చకపోతే నాలుగు స్క్రూలు విప్పి మళ్లీ పెట్టించుకోవచ్చు. నచ్చితే ఒక యూఎస్‌బీ కేస్‌లో పెట్టి ఫైళ్లను కాపీ చేసుకోవచ్చు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. అది లేకపోతే ఆ డిస్క్ మీకే తెరుచుకోదు.

ఒకే డిస్క్ మీద విండోస్, లినక్స్ రెండూ ఉంచుకునే డ్యూయల్ బూట్ పద్ధతిని నేను కొత్తవాళ్లకు సిఫార్సు చేయను. పనిచేస్తుంది, లక్షలమంది వాడుతున్నారు. కానీ 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత ఇలా రెండూ ఉన్న కంప్యూటర్లలో కొన్నిటిలో లినక్స్ బూట్ కాకుండా పోయింది. సరిచేసుకోవడం తెలిసినవాళ్లకు అది పెద్ద విషయం కాదు. రేపు పొద్దున పరీక్ష ఉన్న పిల్లకు పెద్ద విషయమే.

ఇల్లు అలవాటు పడేదాకా

మొదటి కొన్ని వారాలు ఇంట్లో కాస్త విసుగు ఉంటుంది. సెటప్ ఫైలు ఎక్కడా అని వెతుకుతారు. లినక్స్‌లో ప్రోగ్రాములను సైట్ల నుంచి దింపుకోవడం అరుదు, ఫోన్‌లోని ప్లేస్టోర్ లాగా సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి వేసుకోవాలి. ఏదైనా మార్చాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, దాన్ని ఇంట్లో ఒకరి దగ్గరే ఉంచండి. నల్లటి టెర్మినల్ తెర చూసి భయపడకండి, ఇంటి పనులకు దాని అవసరం దాదాపు రాదు. ఎవరో పంపిన ఆదేశాన్ని అర్థం కాకుండా అందులో పేస్టు మాత్రం చేయకండి. కొన్ని ఓటీటీ సైట్లు లినక్స్‌లో అత్యున్నత నాణ్యతతో బొమ్మ చూపించవు, సినిమాలు టీవీలోనే చూసుకుంటే సరి.

మామూలు మనుషులకు ఇది చేతకాదన్న మాటకు కేరళ ఎప్పుడో జవాబిచ్చింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలు దాదాపు రెండు దశాబ్దాలుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా తన సొంత రూపాన్ని తయారుచేసి బడులకు ఇస్తోంది. దాన్ని వాడుతున్నది లెక్కల మాస్టార్లు, మలయాళం టీచర్లు, పదేళ్ల పిల్లలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లోనే డెబియన్ ఆధారంగా బాస్ పేరుతో భారతీయ లినక్స్ తెచ్చింది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు కొదవ లేదు. వాళ్లలో చాలామంది ఆఫీసులో రోజంతా లినక్స్ సర్వర్ల మీదే పనిచేస్తారు. మన సర్కారు బడుల ల్యాబులు కేరళ దారిలో ఎందుకు నడవలేదన్నది విద్యాశాఖలు ఆలోచించాల్సిన విషయం.

సహాయం ఎవరు చేస్తారన్నది ఎంపికలో సగం. మీ చుట్టాల్లోనో, అపార్ట్‌మెంట్‌లోనో లినక్స్ తెలిసిన అమ్మాయో అబ్బాయో ఒకరు ఉంటారు. వాళ్లు మింట్ కాకుండా ఉబుంటు వాడుతుంటే, నా సిఫార్సును పక్కన పెట్టి మీరూ ఉబుంటునే వేసుకోండి. పక్కింట్లో తెలిసిన మనిషి ఉండటం ఏ సౌకర్యం కన్నా విలువైనది. అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే, దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీలో గ్నూ/లినక్స్ బృందం ఉందేమో కనుక్కోండి. ఆ పిల్లలు ఇలాంటి పని కోసం ఎదురుచూస్తుంటారు.

2026 అక్టోబరు 13 తర్వాత ఇంటి వినియోగదారుల విండోస్ 10 యంత్రాలకు ఆ తాత్కాలిక అప్‌డేట్లు కూడా రావు. ట్యాలీ, అను, ఆటోక్యాడ్ అవసరం ఉన్నవాళ్లు విండోస్ 11 యంత్రానికి డబ్బు సమకూర్చుకోండి. మిగతావాళ్లు పాత ల్యాప్‌టాప్‌ను అమ్మకానికి పెట్టే ముందు, లేదా పాత సామానువాడికి ఇచ్చే ముందు, ఒక్క గంట పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి చూడండి. ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి.